రెండో కాలు కింద

సంతోషకుమారికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. విశాఖలో ఆమె పనిచేసే కన్సల్టెన్సీలో ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఆ సోమవారం పొద్దున ఆమె యజమాని శ్యామ్‌ప్రసాద్ గదిలోకి వెళ్లి, పక్కవాడికి కూడా వినిపించనంత మెల్లగా "నా మోడల్ ఎవరు మార్చారు సార్?" అని అడిగేసరికి, అద్దాల గోడకు ఇవతల ఉన్నవాళ్లంతా తలలు దించుకుని ఎవరి పనిలో వాళ్లు పడిపోయారు.

"నేనే మార్చాను. కూర్చో," అన్నాడు శ్యామ్‌ప్రసాద్.

ఆమె కూర్చోలేదు.

ఆ మోడల్ ఎర్రవాగు వంతెనది. రాష్ట్రం సరిహద్దు అవతల, సుక్మా జిల్లాలో మరైగూడ దాటి అడవిలోకి పోయే రోడ్డు మీద ఉంది ఆ వంతెన. నాలుగు పలకలు, వాటి మధ్య మూడు కాళ్లు. కట్టి మూడేళ్లే అయింది. కిందటి వానాకాలం నుంచి బస్సు ఎక్కితే వంతెన పక్కకు ఊగుతోందని డ్రైవర్లు మొత్తుకుంటే, కట్టించిన శాఖవాళ్లు పరీక్షించి చెప్పమని ఈ కన్సల్టెన్సీకి అప్పగించారు. ఏప్రిల్లో సంతోష ఇద్దరు టెక్నీషియన్లతో వెళ్లి నాలుగు రోజులు అక్కడి ఎండలో మాడింది. సబ్బు బిళ్లంత సెన్సార్లను పలకల మీద, కాళ్ల తలల మీద అంటించి, గాలికీ, నడిచే మనుషులకీ, ఇసుక నింపిన లారీకీ ఆ వంతెన ఎలా కంపిస్తోందో కొలుచుకొచ్చింది.

ప్రతి కట్టడానికీ తనదైన ఊపు ఒకటి ఉంటుంది. కదిలించి వదిలేస్తే సెకనుకు ఇన్నిసార్లు అని, ఎప్పుడూ అదే వేగంతో ఊగుతుంది. ఎక్కడైనా బిగువు తగ్గితే ఆ ఊపు నెమ్మదిస్తుంది. కంప్యూటరులో అదే కట్టడాన్ని వేల ముక్కలుగా కోసి, మళ్లీ అతికించి ఒక బొమ్మ కడతారు. ఎంత వేగంగా ఊగాలో బొమ్మ చెబుతుంది, ఎంత వేగంగా ఊగుతోందో సెన్సారు చెబుతుంది. రెండూ కలవకపోతే తప్పు బొమ్మదే. బొమ్మ కట్టినప్పుడు దేన్ని తప్పుగా అనుకున్నామో వెతికి పట్టుకుని, దాన్ని సరిదిద్దాలి. పన్నెండేళ్లుగా సంతోష చేస్తున్న పని అదే.

ఎర్రవాగు వంతెన కిందికీ మీదికీ ఊగే వేగం బొమ్మ చెప్పినట్టే ఉంది. పక్కకు ఊగడం మాత్రం సెకనుకు మూడున్నర సార్లు ఉండాల్సింది, రెండున్నరే ఉంది. ఆమె మూడు వారాలు వెతికింది. కాంక్రీటు గట్టిదనం మార్చి చూసింది. పలకకూ కాలికీ మధ్య ఉండే రబ్బరు బేరింగుల బిగువు మార్చి చూసింది. ఒక్కో కాలి కింద నేల గట్టిదనం మార్చి చూసింది. ఊపు వేగమే కాక, ఆ ఊపులో ఏ భాగం ఎంత కదులుతోందో కూడా కలిసింది ఒకే ఒక్క చోట: రెండో కాలి కింద నేల, అనుకున్నదానిలో నాలుగో వంతు కూడా గట్టిగా లేదన్నప్పుడు.

ఇప్పుడు ఫైల్లో ఆ నేల మళ్లీ రాయిలా గట్టిపడింది. బదులుగా బేరింగుల బిగువు సగానికి పడిపోయింది.

"రెండున్నర వచ్చిందా లేదా?" అన్నాడు శ్యామ్‌ప్రసాద్. "నీ సెన్సారు చెప్పిందీ అదేగా. ఇంకేం కావాలి?"

"వేగం కలిసింది, తీరు కలవలేదు. బేరింగులు మెత్తబడితే పైన పలక జారాలి, కాలు నిలబడాలి. అక్కడ కాలే ఊగుతోంది సార్. పక్క కాళ్లకు మూడు రెట్లు ఊగుతోంది."

"బేరింగులు మార్చమని రాస్తాం. నెలరోజుల పని. పునాది అని రాశామనుకో, కాంట్రాక్టరూ, శాఖా, నాణ్యత చూసినవాళ్లూ అందరూ కలిసి మన మీద పడతారు. అప్పట్లో డిజైను తనిఖీ చేసిందీ మనమేనని గుర్తుచేస్తారు. నీకు గుర్తుందిగా?"

ఎందుకు గుర్తులేదు? ఆ తనిఖీ చేసింది ఆమే. ఏడు మీటర్ల లోతున బండ మీద పునాది అని డ్రాయింగులో రాసి ఉంటే, బొమ్మలో మూడు కాళ్ల అడుగునా 'కదలదు' అన్న గుర్తు ఒక్క నొక్కుతో పెట్టేసింది. బండ ఉందా అని ఎవరినీ అడగలేదు. ఆ నొక్కు తలుచుకున్నప్పుడల్లా తన వేలు తనే కొరుక్కోవాలనిపించేది.

"మీరు చేసింది ఎలా ఉందో తెలుసా సార్? ఒళ్లు కాలిపోతుంటే థర్మామీటరు మీద గీతలు చెరిపి కొత్తగా గీసుకున్నట్టుంది."

"టెస్టింగ్ ఇంజినీరువి నువ్వు. సంతకం నువ్వే పెట్టాలి."

"పెట్టను."

శ్యామ్‌ప్రసాద్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వారం రోజులు సెలవు పెట్టు. ఇంటికెళ్లి కాస్త చల్లబడి రా."

ఆ చల్లబడమన్న మాటే ఆమెను ఎక్కువ మండించింది. అయినా సెలవు పెట్టింది. పోతూ పోతూ స్టోరు రిజిస్టరులో రాసి నాలుగు సెన్సార్లు, ఒక పాత రికార్డరు సంచిలో వేసుకుంది.

ఇల్లంటే కిరండూల్, విశాఖ నుంచి ఇనుప ఖనిజం కోసం వేసిన రైలు లైనులో చివరి ఊరు. తండ్రి గవర్రాజు విజయనగరం వైపు నుంచి వచ్చి, ఆ లైను మీద ముప్పై నాలుగేళ్లు కీమేన్‌గా పనిచేశాడు. రోజూ తెల్లవారగానే సుత్తి భుజాన వేసుకుని, పట్టాలను పట్టి ఉంచే చాబీలు వదులయ్యాయేమో చూస్తూ ఏడెనిమిది కిలోమీటర్లు నడవడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక కూడా బజారులో ఇల్లు అద్దెకు తీసుకుని అక్కడే ఉండిపోయాడు. తల్లి తాయారమ్మ ఆ వారం చర్చి కూటాలకని జగదల్‌పూర్ వెళ్లింది.

"ఏటే, మొహం అలగ పెట్టినావు?" అన్నాడు గవర్రాజు, ఆమె రైలు దిగి ఇంటికి రాగానే.

కూతురు చెప్పిందంతా విన్నాడు. లెక్కల జోలికి పోలేదు. మీసం దువ్వుకుని ఒక్క మాట అడిగాడు.

"ఆ పునాది గొయ్యి తవ్వినోడిని అడిగినావా?"

"తవ్వినవాడినా?" అంది సంతోష.

"పట్టా కింద కంకర ఎంతుందో ఇంజినీరుకి తెల్దు. కాయితం మీద రాసింది సూస్తాడు. పోసిన గ్యాంగోడికి తెలస్తాది. నువ్వు ఆడిని అడక్కుండా డబ్బాలు అంటించుకుని వొచ్చీసినావు."

"నాకు కొలతలు ఉన్నాయి నాన్నా."

"ఉంటే ఉండనీ. అడిగితే నీ సొమ్మేటి పోద్ది?"

మర్నాడు ఇద్దరూ జీపు మాట్లాడుకుని బయలుదేరారు. దంతెవాడ, సుక్మా, కొంటా మీదుగా మరైగూడ చేరేసరికి చీకటి పడింది. అక్కడ తెలిసినవాళ్లింట్లో పడుకుని పొద్దున్నే ఎర్రవాగుకు వెళ్లారు.

మే నెల. వాగులో సన్నటి పాయ తప్ప నీళ్లు లేవు. పొడి ఇసుక మీద తునికాకు కట్టలు వరసగా పేర్చి ఎండబెట్టారు. వాటిని ఒక్కొక్కటే తిరగేస్తున్న యాభై ఏళ్ల మనిషి తలెత్తి చూశాడు. పేరు హడ్మా. వాగు ఒడ్డున ఉన్న దోర్లా గిరిజనుల పల్లెవాడు.

"ఏంది అమ్మా, మళ్లొచ్చినవ్? ఆ తెల్ల డబ్బీలు మళ్ల అంటిస్తవా?"

"అంటించాలి. ఈసారి కాళ్ల అడుగున," అంది సంతోష. "ఈ వంతెన కట్టేటప్పుడు మీ ఊరివాళ్లెవరైనా పనికి వచ్చారా?"

హడ్మా నవ్వాడు. "ఎవరైనా ఏంది? ఊరంత వచ్చింది. గా నడిమి కాలు గుంతల దిగింది నేనే."

ఆమె సంచి ఇసుకలో దించి దగ్గరికి వచ్చింది. "ఎంత లోతు తవ్వారు?"

అతను లేచి నిలబడి చెయ్యి తల మీద ఆనించి చూపించాడు. "రెండు నిలువులు. పైన ఇంకింత."

"బండ తగిలిందా?"

"ఏడ బండ? పైన ఇసుక, కింద నల్లమట్టి. నీళ్లు ఊరబట్టినయ్. మోటరు పెట్టి తోడిన్రు, ఆగలే. ఇంకో రెండు నిలువులు పోవాలె, అప్పుడు బండ వస్తదని సూపర్‌వైజరు అన్నడు. కాంట్రాక్టరు జీపుల వచ్చిండు. పైనుంచే తొంగి చూసిండు. 'బస్, డాల్ దో' అన్నడు, చాలు పోసెయ్యమని. మాపటికి కాంక్రీటు పోసిన్రు."

రెండు నిలువులు, ఇంకింత. మూడున్నర మీటర్లు. డ్రాయింగులో ఏడు.

"మరి ఎవరికీ చెప్పలేదా?" అనేసింది సంతోష. అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. కానీ మాట బయటికి వచ్చేసింది.

హడ్మా చేతిలోని ఆకు కట్టను ఇసుకలో విసిరికొట్టాడు. "ఎవరికి చెప్పాలె? ఎవరడిగిన్రు? సాబులు వచ్చిన్రు, ఫోటోలు దిగిన్రు, పోయిన్రు. వాళ్ల సంగతి ఇడిసిపెట్టు. పోయిన నెల నువ్వొచ్చినవ్. నాలుగు దినాలు ఉన్నవ్. నేను గీడనే ఉన్న. నీ లారీల ఇసుక ఎత్తింది నేనే. అప్పుడు నన్ను అడిగినవా? ఒక్క మాట అడిగినవా?"

ఇంతకాలం సంతోష శ్యామ్‌ప్రసాద్ మీదా, కాంట్రాక్టరు మీదా పెంచుకున్న కోపంలో పెద్ద వాటా తిరిగి తన మీదికే వచ్చి పడింది. గవర్రాజు మాత్రం ఏమీ జరగనట్టు జీపులోంచి పార తెచ్చి, రెండో కాలి మొదట్లో ఇసుక తీయడం మొదలుపెట్టాడు. కాసేపు చూసి హడ్మా కూడా గడ్డపార పట్టాడు.

గంటన్నర తవ్వితే పునాది పైఅంచు బయటపడింది. సంతోష ఆ అంచు మీద ఈ చివర ఒక సెన్సారు, ఆ చివర ఒకటి బిగించింది. మొదటి కాలి దగ్గర కూడా తవ్వించి మిగతా రెండూ దాని పునాది మీద పెట్టింది. పదకొండు గంటలకు కొంటా బస్సు వచ్చింది. ముగ్గురూ తెర మీదికి వంగారు. మొదటి కాలి దగ్గర రెండు గీతలూ చాప పరిచినట్టు ఉన్నాయి. రెండో కాలి దగ్గర ఒక గీత లేచినప్పుడల్లా రెండోది దిగింది. అది దిగితే ఇది లేచింది.

"ఇది కాలు వంగడం కాదే," అన్నాడు గవర్రాజు. "పాదమే ఎత్తెత్తి పెడతంది."

ఆమె అక్కడే, వంతెన నీడలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. బొమ్మలో రెండో కాలి పునాదిని ఏడు మీటర్ల నుంచి మూడున్నరకు తెచ్చింది. కింద బండ తీసేసి ఇసుకా నల్లమట్టీ పెట్టింది. ఇంకే అంకె జోలికీ పోకుండా లెక్క నడిపింది. సెకనుకు రెండున్నర సార్లు. ఊగే తీరు చూసింది. అచ్చంగా ఏప్రిల్లో కొలిచిన తీరే. మూడు వారాలు కంప్యూటరు ముందు తలబద్దలు కొట్టుకున్నది, ఈ మనిషిని ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోయేది. అతను చెప్పింది నిజమని ఏ సాబూ కాదనలేనట్టు చూపించడానికి మాత్రం ఆమె కొలతలు కావాలి.

విశాఖకు తిరిగి వెళ్లేసరికి రిపోర్టు శాఖకు వెళ్లిపోయింది. బేరింగుల లోపమే తప్ప వంతెన క్షేమమని అందులో ఉంది. చివరి పేజీలో ఆమె సంతకం ఉంది. ఏదో పాత రిపోర్టులోంచి తీసి అతికించారు.

"గడువు దాటిపోతోంది సంతోషా, ఏం చేయమంటావ్?" అన్నాడు శ్యామ్‌ప్రసాద్. అతని గొంతులో సంకోచం కూడా లేదు.

ఈసారి ఆమె గొంతు తగ్గలేదు. పన్నెండేళ్లలో మొదటిసారి ఆఫీసంతా వినేలా అరిచింది. "నా చెయ్యి నరికి తీసుకెళ్లి అక్కడ పెట్టినా ఇంత కోపం వచ్చేది కాదు! నా పేరుతో నలభై మందిని ఆ బస్సులో ఎక్కించారు మీరు! మీ పిల్లల్ని ఎక్కిస్తారా దాంట్లో? చెప్పండి, ఎక్కిస్తారా?"

ఆమె రాజీనామా కాగితం బల్ల మీద పడేసి వచ్చేసింది. ఆ సంతకం తనది కాదనీ, అసలు కొలతలు ఇవీ అనీ, వంతెన మీద బరువు బళ్లను వెంటనే ఆపాలనీ శాఖకు రాసింది. జవాబు లేదు. మళ్లీ రాసింది. పద్దెనిమిది రోజుల్లో ఐదు ఉత్తరాలు. ఫోను చేస్తే "ఫైలు పైన ఉంది మేడమ్‌జీ" అనేవాళ్లు. పైన అంటే ఎక్కడో ఎవరికీ తెలియదు.

జూన్ రెండో వారంలో హడ్మా ఫోను చేశాడు. వెనక వాన చప్పుడు.

"అమ్మా, వాగొచ్చింది. మొలబంటి దాక ఉన్నది. నడిమి కాలు కాడ సుడి తిరుగుతున్నది. మావోళ్లు రోడ్డుకు అడ్డంగ చెట్టు పడగొడదమంటున్నరు. కొట్టమంటవా?"

"వద్దు!" అంది సంతోష గాభరాగా. "మీరు రోడ్డుకు అడ్డం పెడితే దానికి నక్సలైట్ల పనని పేరు పెడతారు."

"నాకు తెల్వదా? గందుకే అడుగుతున్న. మేం ఆపితే మమ్ముల పట్టుకపోతరు. ఆపకపోతే బస్సు పడతది. ఇంక మేమేం చెయ్యాలె? జర నువ్వే చెప్పు."

"నేనొస్తున్నా. నేను ఆపుతాను."

ఆమె తండ్రికి కూడా ఫోను చేసి చెప్పింది. గవర్రాజు ఎందుకని అడగలేదు. కిరండూల్ నుంచి ఆయనా, విశాఖ నుంచి తనూ, మర్నాటి సాయంత్రానికి మరైగూడ చేరారు.

ఆ తర్వాతి రోజు అంగడి, వారపు సంత. తెల్లవారగానే వంతెనకు రెండు వైపులా ఖాళీ డ్రమ్ములు పెట్టి వాటి మీద వెదురు కట్టారు. హడ్మాను ఆ దరిదాపులకు కూడా రావద్దని సంతోష గట్టిగా చెప్పింది. రేకు పలక మీద హిందీలోనూ తెలుగులోనూ తనే రాసింది: 'ఈ వంతెన రెండో కాలి పునాది బండ మీద లేదు. బస్సులు, లారీలు వెళ్లరాదు. నడిచి వెళ్లవచ్చు. ఆపినది: సంతోషకుమారి, ఇంజినీరు.' కింద తన ఫోను నంబరు కూడా వేసింది. అవతలి ఒడ్డున గవర్రాజు ఎర్రగుడ్డ పట్టుకుని గొడుగు కింద నిలబడ్డాడు.

బస్సు డ్రైవరు బోర్డు చదివి ఇంజను ఆపేశాడు. "ఏడాది సంది దీని మీద ఎక్కితే నా కాళ్లు వణుకుతున్నయ్ మేడం. నేను చెప్తే తాగి నడుపుతున్నవన్నరు," అన్నాడు. కానీ బస్సులో ఉన్నవాళ్లు అలా అనలేదు. కోళ్ల గంపతో దిగిన ఒక ముసలామె వానలో తడుస్తూ సంతోష మొహం మీదే తిట్టింది. "మా అంగడి రోజే దొరికిందా నీకు? ఇన్నాళ్లు ఏడ పన్నవ్?" అంది. ముసలామె అడిగినదానిలో తప్పేముంది? సంతోష గంప ఒక చెవి పట్టుకుని ఆమెతో పాటు అవతలి ఒడ్డుదాకా నడిచి వెనక్కి వచ్చింది.

పది గంటలకు పోలీసు బలగాల క్యాంపు నుంచి రెండు పెద్ద బళ్లు వచ్చాయి. మందుపాతరకు కూడా చెక్కుచెదరని ఇనుప బళ్లు. ముందు బండిలోంచి ఒక అధికారి దిగాడు. పెద్ద వయసేమీ కాదు. వెనక జవాన్లు చెట్ల వైపు తుపాకులు తిప్పి నిలబడ్డారు.

"ఎవరు మీరు? రోడ్డు మూయమని ఎవరు చెప్పారు? పల్లెవాళ్లా?" అన్నాడు హిందీలో.

"ఎవరూ చెప్పలేదు. బోర్డు మీద పేరుంది కదా, అది నాదే," అంది సంతోష, కిరండూల్ బడిలో నేర్చిన హిందీలో. "మీ బండి బరువెంత?"

"అది మీకెందుకు?"

"పన్నెండు టన్నులు ఉండదా? నేను మే నెలలో కొలిచింది పది టన్నుల బస్సుకు. చూడండి." తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ తీసి చూపించింది. "ఈ గీత పునాది ఈ చివర. ఈ గీత ఆ చివర. ఒకటి లేస్తుంటే ఒకటి దిగుతోంది. అప్పుడు కింద పొడి ఇసుక ఉంది. ఇప్పుడు ఏముందో మీరే వచ్చి చూడండి."

అతను వంతెన అంచుకు నడిచి వంగి చూశాడు. రెండో కాలి చుట్టూ ఎర్రటి నీళ్లు గుండ్రంగా తిరుగుతూ లోపలికి దిగిపోతున్నాయి. తర్వాత వైర్‌లెస్ తీసుకుని ఏదో చెప్పాడు. రెండు బళ్లూ వెనక్కి తిరిగాయి. అతను మాత్రం నలుగురు జవాన్లతో అక్కడే ఉండిపోయాడు. ఇంకే బండీ ఎక్కకుండా చూడమని వాళ్లకు చెప్పాడు.

రెండు గంటల్లో వంతెన మూసేస్తూ ఉత్తర్వు వచ్చింది. సాయంత్రానికి శాఖ ఇంజినీరు కారులో దిగాడు. పద్దెనిమిది రోజులుగా ఒక్క ఉత్తరానికీ జవాబివ్వని మనిషి.

"ఇంత ప్రమాదం ఉంటే ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

సంతోష సంచిలోంచి ఐదు ఉత్తరాల నకళ్లు తీసి, ఒక్కొక్కటే అతని చేతిలో పెట్టింది. బస్సులో నలభై మందికి పద్దెనిమిది రోజులు చాలలేదు. ఇనుప బండికి రెండు గంటలు సరిపోయాయి. ఆ రోజు గెలిచిందని తర్వాత చాలామంది అన్నారు గానీ, ఆమెకు మాత్రం వంతెన రెయిలింగు పట్టుకుని గట్టిగా అరవాలనిపించింది.

జూలై వరదకు రెండో కాలు ఒక పక్కకు జానెడు ఒరిగింది. పైన పలక ఒక బేరింగు మీంచి జారి ఆగింది. అప్పటికి దాని మీద ఎవరూ లేరు.

వానలు వెనకబట్టాక కమిటీ వచ్చింది, చూసింది, రాసింది: అసాధారణమైన వరద వల్ల పునాది కింద ఇసుక కొట్టుకుపోయిందని. మరమ్మతు పని అదే కాంట్రాక్టరుకు ఇచ్చారు. ఈసారి పక్కన గుంత తవ్వి బండదాకా పోవాల్సి వచ్చింది. ఆ గుంతలో దిగింది మళ్లీ హడ్మా, అతని ఊరివాళ్లు. నాలుగు నిలువులు దాటాక బండ తగిలిందని అతనే ఫోను చేసి చెప్పాడు. సంతోష వచ్చి నిచ్చెన మీంచి గుంతలోకి దిగి, ఆ బండను తన చేత్తో తడిమి చూసి పైకి వచ్చింది.

మరమ్మతు అయ్యాక మళ్లీ కొలవడానికి శాఖవాళ్లు ఆమెనే పిలిచారు. ఇష్టమై కాదు. పాత కొలతలన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. వాటితో పోల్చకపోతే కొత్త కొలతకు అర్థం లేదు. ఇప్పుడు ఆమె ఎవరి దగ్గరా పనిచేయడం లేదు. తనే ఒక చిన్న గది తీసుకుంది. సెన్సార్లు అద్దెకు తెచ్చుకుంటుంది. ఫిబ్రవరిలో కొలిస్తే వంతెన పక్కకు ఊగే వేగం సెకనుకు మూడు పాయింటు నాలుగు వచ్చింది. పునాది అంచున గీతలు రెండూ నిశ్చలంగా ఉన్నాయి.

రిపోర్టులో ఆమె ఇలా రాసింది: 'పాత పునాది లోతు మూడున్నర మీటర్లు. ఆధారం: తవ్విన కూలీ హడ్మా చెప్పిన మాట. కొలతలతో సరిపోయింది.'

శాఖ ఇంజినీరు ఆ వాక్యం కింద ఎర్రగీత గీశాడు. "కూలీల పేర్లు రిపోర్టులో రాయరు మేడమ్‌జీ. వరదకు కొట్టుకుపోయిందని కమిటీ తేల్చింది. అదే రాయండి."

"వరద రాకముందే, మే నెలలో ఇసుక పొడిగా ఉన్నప్పుడే కొలిచాను. వరద అని ఎలా రాస్తాను?"

"అయితే ఇది ఆమోదించడం కష్టం."

"ఆమోదించకండి. ఇంకెవరితోనైనా రాయించుకోండి. నా కొలతలు మాత్రం వాళ్లకు ఇవ్వను."

ఆ మధ్యాహ్నం ఆమె ఎర్రవాగుకు వెళ్లి, వంతెన కింద ఇసుకలో కూర్చుని హడ్మాకు ఆ వాక్యం చదివి వినిపించింది. అతను సంతోషిస్తాడనుకుంది. హడ్మా మొహం చిట్లించాడు.

"కూలీ అని ఏందికి? గుంతల దిగినోడు అని రాయి. నేను దిగి చూసిన. చూసినోన్నే చెప్పిన."

ఆమె పెన్నుతో కొట్టేసి అలాగే రాసింది.

"ఇంక ఆని పేరేది?" అన్నాడు హడ్మా.

"ఎవరి పేరు?"

"బస్, డాల్ దో అన్నోనిది. నా పేరున్నది, నీ పేరున్నది. ఆని పేరు ఏడున్నది అందుల?"

"అది రాసే అధికారం నాకు లేదు హడ్మా. నేను కొలతలు మాత్రమే..." అని మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. అప్పట్లో డిజైను తనిఖీలో ఒక్క నొక్కుతో 'కదలదు' అని పెట్టినప్పుడు ఆ అధికారం ఎవరిచ్చారు?

హడ్మా ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆ చూపులో దయ లేదు. ఆమె కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఆ వాక్యం కింద ఇంకో వాక్యం రాసింది. రెండు నిలువుల దగ్గర తవ్వకం ఆపించి కాంక్రీటు పోయమన్నది ఎవరో, ఏ రోజో, ఆ సమయంలో గుంతలో ఎవరెవరున్నారో, హడ్మా చెబుతుంటే పేర్లతో సహా రాసింది. అతని ఊరివాళ్లు పదకొండు మంది దాని కింద వేలిముద్రలు వేశారు. మరో ఇద్దరు సంతకాలు చేశారు.

ఆ రిపోర్టును శాఖ ఇప్పటికీ ఆమోదించలేదు. తిరస్కరించనూ లేదు. ప్రతి నెలా మొదటి సోమవారం సంతోష ఫోను చేసి అడుగుతుంది. ఫైలు పైన ఉందంటారు. ఎవరి బల్ల మీదో పేరు చెప్పమంటుంది. చెప్పరు. వచ్చే నెల మళ్లీ చేస్తుంది, గొంతు మెల్లగా.